డీవీడీ ఉన్నోళ్లు బ్లూరేకు పోవాల్నా?

“అన్నా, కొత్తగ పెద్ద టీవీ తెచ్చినం. పాత డీవీడీ పెడితే బొమ్మ మసక మసకగ వస్తున్నది. బ్లూరే ప్లేయర్ కొంటే బాగైతదా?” ఈ నడుమ ఈ మాట నన్ను శానమంది అడుగుతున్నరు. యూట్యూబ్‌ల ఎవరో డిస్కుల అల్మార చూపెట్టి మురుస్తుంటే మనకూ ఆశ పుడ్తది. ఆశ తప్పు గాదు. కాని జేబుల చెయ్యి పెట్టేముందు జర లెక్క చూసుకోవాలె. నా లెక్క ముందే చెప్త. ఎక్కువమందికి బ్లూరే అక్కెర లేదు. కొందరికి మాత్రం పెట్టిన పైసలకు న్యాయం జరుగుతది. ఇగ ఎవ్వలూ అడగని ముచ్చట ఇంకోటున్నది, మీ ఇంటి పెండ్లి డిస్కుల ముచ్చట. నా లెక్కల అదే పెద్దది. దాని కాడికి కూడ వస్త.

ముందు అసలు తేడా ఏందో చూద్దాం. డీవీడీ, బ్లూరే పక్కపక్కన పెడితే రెండూ ఒక్క తీరే ఉంటయి, రెండిటి అడ్డం 12 సెంటీమీటర్లే. కాని డీవీడీల ఒక పొరకు 4.7 జీబీ పడితే, బ్లూరేల ఒక పొరకు 25 జీబీ పడ్తది. రెండు పొరలైతే 50. అంత జాగ ఎక్కడికెళ్లి వచ్చింది? ఎకరం అదే, సాళ్లు దగ్గర పడ్డయి. డిస్కు మీద కంటికి కనపడని సన్న సాలు ఒకటి చుట్టలు చుట్టలుగ తిరుగుతది. డీవీడీల చుట్టకు చుట్టకు నడుమ 0.74 మైక్రాన్లు, బ్లూరేల 0.32 మైక్రాన్లే. అంత సన్న సాళ్లల్ల డీవీడీ ఎర్ర లేజర్ నడవలేదు, దాని మొన మొద్దుగ ఉంటది. అలల పొడవు తక్కువున్న నీలి లేజర్ అయితేనే ఆ సందుల్ల దూరి చదువుతది. పేరుల ‘బ్లూ’ అందుకే వచ్చింది.

ఆ నీలి కాంతి పుట్టించుడు అల్కటి పని గాదు. ఎర్ర, పచ్చ దీపాలు ఎప్పుడో వచ్చినయి కాని నీలి దీపం దశాబ్దాలపాటు ఎవ్వలికీ సరిగ్గ కుదరలే. జపాన్ల పుట్టిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు సాధించిండ్రు. 2014ల ఫిజిక్స్ నోబెల్ నీలి ఎల్ఈడీకే ఇచ్చిండ్రు. ఇప్పుడు మన ఇంట్ల వెలిగే తెల్ల ఎల్ఈడీ బల్బుకు, ఈ డిస్కుకు మూలం ఒక్కటే.

బ్లూరే వచ్చింది 2006ల. అదే ఏడాది తోషిబా వాళ్లు హెచ్‌డీ డీవీడీ అని ఇంకో రకం డిస్కు దించిండ్రు. దానికి ఇది ఆడదు, దీనికి అది ఆడదు. రెండేండ్లు కొట్టుకున్నరు. సోనీ తన ప్లేస్టేషన్ 3ల బ్లూరే పెట్టి ఇండ్లల్లకు దూర్చింది. 2008 జనవరిల వార్నర్ స్టూడియో ‘ఇగ మేం బ్లూరేనే’ అన్నది, ఫిబ్రవరిల తోషిబా చేతులెత్తేసింది. హెచ్‌డీ డీవీడీ కొన్నోళ్ల ప్లేయర్లు మూలకు పడ్డయి. ఆ లొల్లి నడుస్తున్నప్పుడు మన దిక్కు కథ వేరే. మోజర్ బేర్ వాళ్లు 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అమ్ముతుంటే మనం అప్పుడప్పుడే వీసీడీ కెళ్లి డీవీడీకి ఎక్కుతున్నం. అందుకే మన ఊర్లు బ్లూరే మెట్టు ఎక్కనేలేదు. డీవీడీ కెళ్లి సీదా ఫోన్లకు దుంకినం.

ఇగ బొమ్మ సంగతి. మన దేశంల నడిచే డీవీడీ బొమ్మల అడ్డం 720, నిలువు 576 చుక్కలు. గుణిస్తే 4,14,720. బ్లూరేల 1920 ఇంటు 1080, అంటే 20,73,600. సరిగ్గ ఐదింతలు. 4కే డిస్కుల ఇరవై ఇంతలు. మీ కొత్త 4కే టీవీల పాత డీవీడీ మసకగ కనపడుడు టీవీ తప్పు గాదు. ఒక్క చుక్క ఇచ్చి, దాని చుట్టు ఇంకో పందొమ్మిది చుక్కలు నువ్వే కల్పించుకో అంటే టీవీ మాత్రం ఏం చేస్తది?

అయితే ఐదింతల చుక్కలంటే ఐదింతల అందం అనుకోవద్దు. కన్నుకు ఒక హద్దు ఉన్నది. మంచి చూపున్నోళ్లకు కూడ కొంత దూరం పోయినంక చుక్కకు చుక్కకు తేడా తెల్వదు. 32 అంగుళాల టీవీని పది పన్నెండు అడుగుల దూరం కెళ్లి మంచంల కూసొని చూసేటోళ్లకు మంచి డీవీడీకి, బ్లూరేకు నడుమ తేడా పట్టుడు కష్టం. పైగా చిన్న టీవీలల్ల శాన మట్టుకు ‘హెచ్‌డీ రెడీ’ అని రాసుంటది. దాంట్ల ఉండేటియే 1366 ఇంటు 768 చుక్కలు, బ్లూరే ఇచ్చేదాంట్ల సగమే. 43 అంగుళాలుండి, ఆరేడు అడుగుల దగ్గర కూసుంటే తేడా కనపడతది. 55 అయితే ఇగ చెప్పనక్కెర లేదు, డీవీడీ చూడబుద్ధి కాదు. కాబట్టి దుకాణానికి పోయేముందు ఇంట్ల టేపు పట్టి మంచం కెళ్లి టీవీ దాంక కొలువుండ్రి.

ఇంకోటి, వైరు. పసుపు, ఎరుపు, తెలుపు మూడు రంగుల వైర్లు పెట్టి బ్లూరే ప్లేయర్ కలిపితే వచ్చేది డీవీడీ తీరు బొమ్మనే. హెచ్‌డీఎంఐ వైరుంటేనే అసలు హెచ్‌డీ. డబ్బ టీవీ ఉన్నోళ్లు ఈ ఆలోచన ఇక్కడ్నే ఆపొచ్చు.

ఇంత చెప్పినంక అసలు కీలకం చెప్త. బొమ్మ బాగుండుడు డిస్కు చేతుల లేదు, దాని వెనకున్న రీల్ చేతుల ఉన్నది. పాత సినిమాలు 35 ఎంఎం ఫిల్మ్ మీద తీసినయి. ఆ నెగటివ్‌ల డీవీడీ చూపెట్టేదానికంటే ఎన్నో ఇంతల వివరం ఉంటది. దాన్ని మంచిగ కడిగి, కొత్తగ స్కాన్ చేసి బ్లూరే వేస్తే అరవై ఏండ్ల సినిమా కూడ నిన్న తీసినట్టు ఉంటది. సత్యజిత్ రే అపు సినిమాలు మూడు చూడుండ్రి. వాటి అసలు నెగటివ్‌లు 1993ల లండన్ లాబ్‌ల మంటలకు కాలినయి. మిగిలిన ముక్కలను ఇటలీల బొలోన్యా లాబోళ్లు ఓపికతోని నిలబెట్టిండ్రు, చెడిపోయిన కాడ వేరే కాపీల కెళ్లి తీసి అతికిండ్రు. 2015ల క్రైటీరియన్ వాళ్లు బ్లూరే తెచ్చిండ్రు. గిసొంటి దానికి పైసలు పెడితే నేను తప్పు పట్ట.

మన పాత తెలుగు సినిమాల డీవీడీలు యాది చేసుకోండ్రి. అరిగిన ప్రింటు, మూలకు కంపెనీ ముద్ర, నడుమ పాట కోసేసి ఉంటది. గసొంటి ప్రింటునే తీసి బ్లూరే మీద ఎక్కిస్తే గీతలు ఇంకింత సాఫ్‌గ కనపడతయి, అంతే. జాతరల్ల ‘హెచ్‌డీ ప్రింట్’ అని అట్ట మీద రాసి, ఒక్క డీవీడీల ఐదు సినిమాలు కుక్కి అమ్ముతుంటరు గద, ఒక్కో సినిమాకు ఒక్క జీబీ కూడ రాదు దాంట్ల. అట్ట మీద ఏం రాసినా లోపలున్నది లోపలున్నదే.

“గదంత సరే, ఫోన్ల హెచ్‌డీ వస్తుంటే డిస్కెందుకు?” అంటరు. న్యాయమైన మాట. కాని రెండు హెచ్‌డీలు ఒక్కటి గావు. బ్లూరే సెకనుకు 40 మెగాబిట్ల దాంక బొమ్మకే ఇయ్యగలదు. నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీకి 5 మెగాబిట్ల నెట్ ఉంటే సాలంటది. చుక్కలు అన్నే ఉన్నా వాటికి పెట్టే బువ్వ తక్కువన్నట్టు. వాన, పొగ, గుంపుల ఉరుకులాట, చీకటి సీన్లల్ల ఆ తేడా బయటపడతది. అదే నెట్‌ఫ్లిక్స్ 149 రూపాయల మొబైల్ ప్లాన్ ఇచ్చేది 480పీనే, అంటే డీవీడీ గిరాకీయే మళ్ల! ఫోన్ చిన్నది కాబట్టి మనకు తెల్వదు. ఇగ డేటా లెక్క చూస్తే, బ్లూరే మీద 30 జీబీ ఉన్న సినిమాను అదే నాణ్యతతోని నెట్ల దించుకోవాలంటే రోజుకు 1.5 జీబీ ప్యాకు ఇరవై రోజులు పడ్తది. ఊర్ల సిగ్నల్ సంగతి మీకు నేను చెప్పాల్నా?

డిస్కుకు ఇంకో బలం ఉన్నది, అది మీ చేతుల ఉంటది. 2023 డిసెంబర్ల సోనీ వాళ్లు, ప్లేస్టేషన్‌ల పైసలు పెట్టి కొన్న డిస్కవరీ ప్రోగ్రాములు ఇగ కనపడవన్నరు. లొల్లి అయినంక, మళ్ల ఒప్పందం కుదిరినంక ఆగిండ్రు. కొన్నది కూడ కొన్నట్టు గాదని అప్పుడు తెలిసింది. డిస్కునైతే పక్కింటి తమ్మికి ఇయ్యొచ్చు, తెచ్చుకోవచ్చు, అడిగేటోడు లేడు.

మరి ఇంత మంచిగుంటే ఎందుకు వద్దంటున్నవంటే, దొరకాలె గద. తెలుగు సినిమాలు బ్లూరేల వచ్చుడే తక్కువ. ఆర్ఆర్ఆర్ బ్లూరే కావాల్నంటే జపాన్ దిక్కు చూడాలె, అక్కడ అభిమానులు కొంటరు కాబట్టి అక్కడ వేసిండ్రు. అది వేరే రీజియన్. బ్లూరేల మన దేశం సీ, జపాన్ ఏ. మన ప్లేయర్ల అది ఆడకపోవచ్చు. ప్లేయర్లు చేసేటోళ్లూ తగ్గుతున్నరు. ఒప్పో 2018ల ఆపింది, శామ్‌సంగ్ 2019ల కొత్తయి చెయ్యమన్నది. రాసుకునే ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిల బంద్ పెట్టింది.

అందుకే నా మాట ఇది. పెద్ద టీవీ ఉండి, ఇంగ్లిష్, జపనీస్, పాత క్లాసిక్ సినిమాల పిచ్చి ఉన్నోళ్లు, సినిమా తీసుడు నేర్చుకుంటున్న పోరగాళ్లు బ్లూరే పెట్టుకోండ్రి. కొత్త ప్లేయర్ కొనే బదులు, ఎవరన్న పాత ప్లేస్టేషన్ 4 అమ్ముతుంటే చూడుండ్రి, దాంట్ల బ్లూరే, డీవీడీ రెండూ ఆడతయి. 4కే డిస్కు మాత్రం ఆడదు. మిగిలినోళ్లకు ఉన్న డీవీడీ ప్లేయర్ సాలు.

ఇప్పుడు పెండ్లి డిస్కుల కాడికి. మన ఊర్లల్ల అన్నిటికంటే విలువైన డీవీడీలు సినిమాలయి గావు. అక్క పెండ్లి, తమ్ముని ధోతుల ఫంక్షన్, దాంట్ల నవ్వుకుంట కూసున్న తాత. ఇయ్యాల ఆ తాత లేడు. ఆయన నడుస్తుండంగ, మాట్లాడుతుండంగ ఉన్న బొమ్మ ఆ డిస్కుల తప్ప ఇంకెక్కడ లేదు. దుకాణంల కొన్న సినిమా డిస్కు అచ్చు గుద్దినది. పెండ్లి డిస్కు అట్ల గాదు, రంగు పొర మీద లేజర్‌తోని రాసినది. ఎండకు, వేడికి ఆ రంగు ఎలిసిపోతది. రేకుల ఇంట్ల, అటక మీద ఇనుప పెట్టెల ఉంటే ఇంకా తొందరగ. పైన పెండ్లిపిల్ల, పిలగాని ఫొటో స్టిక్కర్ అతికిస్తరు గద, ఆ కాగితం ముడుచుకుంటే డిస్కు కూడ వంకర పోతది.

వీటిని బ్లూరే మీదికి ఎక్కిస్తమని ఎవరన్న చెప్తే పైసలియ్యకుండ్రి. లేని చుక్కలు ఎక్కడికెళ్లీ రావు. కావాల్సింది కాపీ. డీవీడీ డ్రైవ్ ఉన్న పాత కంప్యూటర్ గాని, యూఎస్‌బీ డ్రైవ్ గాని పట్టుకోండ్రి. డిస్కుల ‘వీడియో టీఎస్’ అని ఫోల్డర్ ఉంటది, దాన్ని ఉన్నదున్నట్టు కాపీ చెయ్యండ్రి. 16 జీబీ పెన్‌డ్రైవ్‌ల 4.7 జీబీ డిస్కులు మూడు పడతయి. వీఎల్‌సీల సీదా ఆడతయి. వాట్సాప్‌ల పంపి దాసుకున్నమనుకోవద్దు, అది బొమ్మను పిండేస్తది. ఒక కాపీ మీ ఇంట్ల, ఒకటి అక్క అత్తగారింట్ల ఉండాలె. డిస్కు చదవకపోతే మెత్తటి గుడ్డతోని నడుమకెళ్లి అంచుకు సీదా తుడువుండ్రి, గుండ్రంగ తుడవద్దు. ఒక డ్రైవ్‌ల ఆగినది ఇంకో డ్రైవ్‌ల చదవొచ్చు, రెండు మూడు చోట్ల చూడుండ్రి.

ఇగ 2010 తర్వాత పెండ్లిళ్లయితే, వీడియో తీసినాయన కెమెరా హెచ్‌డీదే అయి ఉండొచ్చు. మన ఇంట్ల డీవీడీ ప్లేయరే ఉన్నదని తగ్గించి డీవీడీ ఇచ్చిండు కావచ్చు. ఆ అసలు ఫైళ్లు ఆయన కాడ ఉంటే, ఏ బ్లూరే ఇయ్యని బొమ్మ మీకు దొరుకుతది. ఆయన హార్డ్‌డిస్క్ ఖాళీ చేసుకునే లోపల ఒకపారి ఫోన్ చేసి అడుగుండ్రి.