గంతులో తప్పు

తెనాలి, రేపల్లె సినిమాహాళ్ళలో కంప్యూటరు బొమ్మ గంతువేస్తే, అది నిజంలా లేదని అయిదేళ్ళవాడు కూడా పసికడతాడు. ఎందుకో మాత్రం చెప్పలేడు.

బాపట్ల వద్ద సూర్యలంక ఇసుకలో పరుగెత్తి దూకే కుర్రవాణ్ణి చూడండి. కాలు నేల విడిచాక ముందుకు పోయే వేగం పెంచుకోవడం అతని తరం కాదు. తన్నుకోవడానికి గాలిలో ఏమున్నది? భూమి అతణ్ణి కిందికి లాగుతుందే గాని ముందుకు తోయదు. (2012 నాటి ‘ఈగ’ సినిమాలోని ఈగకు యీ చిక్కు లేదు, దానికి రెక్కలున్నాయి!)

2003లో అమెరికాలో రైట్స్మా, పొలార్డ్ అనే పరిశోధకులు బొమ్మమనిషి గంతుల్లో కావాలనే తప్పులు పెట్టి జనానికి చూపారు. పైకీ కిందికీ పోయే వేగంలో తప్పుకన్న, ముందుకు పోయే వేగంలో తప్పును జనం తేలికగా పట్టుకున్నారు. గాలిలో వేగం తగ్గితే అంతగా పట్టని కంటికి, పెరిగితే ఇట్టే తెలిసిపోయింది. కనుక బొమ్మలు కదిలించేవాడు గంతును సర్దక తప్పకపోతే, మధ్యలో కాస్త మందగింపజేయడమే మేలు. త్వరపెట్టాడో, దొరికిపోతాడు!