రిపోర్టు అవుననలేదు, కాదనలేదు
సీలియాక్ రక్తపరీక్షను అర్థం చేసుకోవడం ఎలా?



అనంతపురం పల్లెల్లో గోధుమ ఒకప్పుడు పండుగనాటి తిండి. ఓళిగలకు మైదా, క్రిస్మస్‌కు కేకు, అంతే. రోజూ పళ్లెంలో ఉండేది రాగి సంగటి, జొన్న రొట్టె, కొర్రన్నం, శెనక్కాయల ఊరిబిండి. ఇప్పుడు అలా లేదు. షుగరు ఉన్నదని పెద్దలకు రాత్రిపూట చపాతీ, బడికి వెళ్లే పిల్లలకు బ్రెడ్డు, బిస్కట్లు, బస్టాండులో పరోటా. వీటితోపాటు కొత్త జబ్బు పేరు కూడా మన చెవిన పడుతోంది. అదే సీలియాక్.

బిడ్డకు ఎంత తిన్నా ఒంటికి పట్టదు. రక్తం తక్కువ. విరేచనాలు తగ్గవు. డాక్టరుగారు ఒక రక్తపరీక్ష రాస్తారు. రిపోర్టులో "బోర్డర్‌లైన్" అనో, "వీక్ పాజిటివ్" అనో ఉంటుంది. అప్పుడు ఇంట్లో రెండు మాటలు పుడతాయి. "ఈ రోజునుంచే గోధుమ మానేద్దాం" అని ఒకరు, "ఏమీ లేదులే, ప్రార్థన చేసి వదిలేద్దాం" అని ఇంకొకరు. రెండూ తొందరపాటే. బోరు వేసేటప్పుడు తడిమట్టి పైకి వస్తే నీళ్లు పడ్డట్టు కాదు. నీళ్లు లేవనీ కాదు. అస్పష్టమైన రిపోర్టు కూడా అలాంటిదే.

అసలు ఈ జబ్బు ఏమిటి?

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. పుట్టుకతో కొన్ని జన్యువులున్న వారిలో కొందరికి అది పడదు. శరీరం దానిమీద పోరాడబోయి తన చిన్నప్రేగునే దెబ్బతీసుకుంటుంది. ప్రేగు లోపలి గోడమీద ఆహారసారాన్ని పీల్చుకునే సన్నని మొలకలు అరిగిపోతాయి. అందుకే రక్తహీనత, ఎముకల బలహీనత, పిల్లల్లో ఎదుగుదల లోపం కనిపిస్తాయి.

ఈ సంగతి గట్టిపడడానికి ఒక కరువు తోడ్పడింది. హాలెండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డికే గోధుమమీద ముందునుంచే అనుమానంతో ఉన్నాడు. 1944-45 చలికాలంలో యుద్ధంవల్ల అక్కడ రొట్టె దొరకలేదు. ఈ జబ్బున్న పిల్లలు ఆ కరువులో తేరుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడ్డారు.

మన దేశంలో 23,000 మందికి పైగా పెద్దలను పరీక్షించిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. ఉత్తరాదిన వెయ్యిమందిలో ఎనిమిదిమందికి పైగా ఈ జబ్బు కనిపిస్తే, దక్షిణాదిన పదివేలమందిలో సుమారు ఒక్కరికే కనిపించింది. జన్యువులు రెండుచోట్లా ఇంచుమించు సమానమే. తేడా తిండిలో ఉన్నది. అక్కడ మనిషి రోజుకు తినే గోధుమ సుమారు 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు. కాబట్టి మన ప్రాంతంలో స్వల్పంగా పెరిగిన అంకె చూసి వెంటనే జబ్బు ఖాయమనుకోకూడదు. అలాగని మనకు రానే రాదనీ అనుకోకూడదు.

డాక్టరుగారిని అడగవలసిన నాలుగు ప్రశ్నలు

మొదటిది: అంకె హద్దుకు ఎన్ని రెట్లున్నది? సాధారణంగా చేసేది టిటిజి ఐజిఎ అనే పరీక్ష. ప్రతి ల్యాబుకు తన హద్దు వేరు. ఒక ల్యాబు అంకెను ఇంకొక ల్యాబు అంకెతో పోల్చకూడదు. హద్దుకు పదిరెట్లు దాటితే జబ్బు చాలావరకు నిజమే. రెండు మూడు రెట్లలోపు ఉంటే కాలేయ వ్యాధులు, ఇతర ఇన్ఫెక్షన్లు కూడా కారణం కావచ్చు. అప్పుడు ఇఎమ్ఎ అనే మరో రక్తపరీక్ష తోడ్పడుతుంది.

రెండవది: మొత్తం ఐజిఎ చూశారా? సీలియాక్ ఉన్నవారిలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఐజిఎ అనే పదార్థమే రక్తంలో లోపించి ఉంటుంది. వారికి జబ్బున్నా ఈ పరీక్షలో కనబడదు. వారికి ఐజిజి రకం పరీక్షలు చేయాలి.

మూడవది: పరీక్షనాటికి గోధుమ తింటున్నారా? ఇది మన ఇళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. గోధుమ మానేస్తే రక్తంలోని గుర్తులు నెలల్లో తగ్గిపోతాయి. సంగటి, అన్నమే తింటూ ఎప్పుడో ఒక చపాతీ తినేవారి రిపోర్టు కూడా తికమక పెట్టవచ్చు. మీ ఇంట్లో వారానికి ఎన్నిసార్లు గోధుమ వండుతారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కొన్ని వారాలు రోజూ గోధుమ తిని మళ్లీ పరీక్ష చేయించుకోవాలో లేదో ఆయనే నిర్ణయిస్తారు.

నాలుగవది: వేరే కారణం ఉందా? నులిపురుగులు, జియార్డియా, ప్రేగుల క్షయ కూడా ఇలాగే బాధిస్తాయి. 1960లలో ఉత్తర ఆర్కాటు పల్లెల్లో ట్రాపికల్ స్ప్రూ అనే ప్రేగు వ్యాధి ప్రబలినప్పుడు, మనలో చాలామందికి తెలిసిన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు దానిమీద ఎంతో కృషి చేశారు. అందులోనూ ప్రేగు మొలకలు అరుగుతాయి. దానికి మందు మాత్రం వేరు, ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. పేరు తప్పుపడితే బిడ్డకు పథ్యం మిగులుతుంది, జబ్బూ మిగులుతుంది.

ఇంకా తేలకపోతే ఎండోస్కోపీ చేసి చిన్నప్రేగునుండి నాలుగైదు చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు. డిక్యూ2, డిక్యూ8 జన్యుపరీక్ష కూడా ఉన్నది. ఆ రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉన్నంతమాత్రాన జబ్బున్నట్టు కాదు, ఆరోగ్యవంతుల్లో కూడా మూడోవంతు మందికి అవి ఉంటాయి.

దానియేలును జ్ఞాపకం చేసుకోండి. ఆహారం విషయమై పది దినాల పరీక్షను అతడు చాటుగా పెట్టుకోలేదు. తమమీద నియమించబడిన అధికారిని అడిగి, గడువు పెట్టుకొని, అతని కళ్లెదుటే జరిపించాడు. విశ్వాసం పరీక్షకు శత్రువు కాదు. మనమూ డాక్టరుగారికి చెప్పకుండా గోధుమ మానేస్తే, సత్యం తెలిసే దారిని మనమే మూసుకున్నవాళ్లమవుతాం.

జబ్బు అని తేలితే

అప్పుడు జీవితాంతం గ్లూటెన్ లేని తిండే మందు. ఇందులో మన నేలకు దేవుడిచ్చిన మేలు కనిపిస్తుంది. ఏటా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే వానతో పండే రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు, సాములు, వేరుశెనగ - ఇవన్నీ గ్లూటెన్ లేనివే. ఉగ్గానికి వాడే బొరుగులు కూడా అంతే. అయితే గోధుమ ఆడించిన మిల్లులోనే వెంటనే జొన్నలు ఆడిస్తే పిండి కలిసిపోతుంది. అంగట్లో దొరికే కూటు ఇంగువలో గోధుమపిండి కలుపుతారు, పొట్లంమీద చూసి కొనండి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది.

ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే రొట్టె కూడా గోధుమదే. చిన్న ముక్కే కదా అనుకోవద్దు. ముందుగా పాస్టరుగారితో మాట్లాడితే, బియ్యప్పిండి రొట్టెను వేరే పళ్లెంలో ఉంచడం కష్టమేమీ కాదు. జబ్బు కారణంగా ఏ విశ్వాసీ బల్లకు దూరం కాకుండా చూసుకోవడం సంఘమంతటి బాధ్యత. ఆడపిల్లకు ఈ జబ్బున్నదని సంబంధాల దగ్గర మాటలు పుట్టించకుండా ఉండడం కూడా మన బాధ్యతే. ఇది అంటుకునేది కాదు. పథ్యంతో చక్కగా అదుపులో ఉంటుంది.

రిపోర్టు తేలనంతకాలం తల్లి మనస్సు కలతపడడం సహజం. ప్రార్థించండి. గోధుమ మానకండి, పరీక్షలూ మానకండి. పాత రిపోర్టులన్నీ ఒక కవరులో భద్రం చేసి, పై నాలుగు ప్రశ్నలు కాగితంమీద రాసుకొని వెళ్లండి. ఓపికతో అడిగేవారికి జవాబు దొరికే దారి దేవుడు తెరుస్తాడు.