ఆఖరి అయిదు మిల్లీగ్రాములే అసలు కష్టం

పోచంపాడు ప్రాజెక్టు పక్కనున్న మెండోరలో డిప్రెషన్ గోళీలు ఎవరూ ఆపమనకుండానే ఆగిపోవడానికి కారణాలు కావలసినన్ని. జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, నిజామాబాద్ మార్కెట్‌కు తోలడం. ఆ హడావిడిలో షీటు అయిపోతే మళ్ళీ డాక్టర్ దగ్గరికి పోయే తీరిక ఎవరికి? దుబాయి ప్రయాణం పడితే మందు ఇంట్లోనే ఉండిపోతుంది. మనసు కుదుటపడ్డాక ‘ఇంకా గోళీలెందుకు’ అని మానేసేవాళ్ళు సరేసరి.

రెండు మూడు రోజుల్లో కళ్ళు తిరుగుతాయి. తల పక్కకు తిప్పితే లోపల కరెంటు షాక్ కొట్టినట్టవుతుంది. వికారం, చెమటలు, పీడకలలు, ఊరికే ఏడుపు, చిన్న మాటకే కోపం. ‘జబ్బు తిరగబెట్టింది, ఈ గోళీలు జన్మంతా మింగాల్సిందే’ అని ఇంటిల్లిపాదీ బెంగపడతారు. చాలాసార్లు అది జబ్బు కాదు, మందు ఒక్కసారిగా ఆగినందుకు మెదడు పడే ఇబ్బంది. గుర్తుపట్టడానికి ఆనవాళ్ళున్నాయి. డిప్రెషన్ తిరగబెడితే వారాలు, నెలలు పట్టి మెల్లగా ముసురుకుంటుంది. దానిలో కరెంటు షాకులుండవు. మందు ఆపిన బాధ రోజుల్లోనే మొదలవుతుంది, మళ్ళీ గోళీ వేసుకుంటే సాధారణంగా రోజుల్లోనే తగ్గుతుంది.

ఇది మత్తుమందులాంటి వ్యసనం కాదు. మందు కోసం తహతహ ఉండదు. కానీ నెలల తరబడి మందుకు తగ్గట్టు సర్దుకున్న నరాలకు వెనక్కి సర్దుకునే వ్యవధి కావాలి. 2024లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన ఒక పరిశీలన 79 అధ్యయనాలను కలిపి చూసింది. మందు ఆపినవాళ్ళలో 31 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. ఉత్తుత్తి గోళీ ఆపినవాళ్ళలోనూ 17 శాతం మందికి వచ్చింది. తీవ్రంగా బాధపడింది సుమారు 35 మందిలో ఒకరు. అందరూ భయపడాల్సిన పని లేదు, అలాగని ‘అంతా నీ భ్రమ’ అని కొట్టిపారేయడం అన్యాయం.

మోతాదు సగానికి, ఆ తర్వాత సున్నాకు దించితే చాలని చాలామంది అనుకుంటారు. మెదడు స్కానింగులు వేరే లెక్క చెబుతున్నాయి. సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని తిరిగి నరంలోకి లాగేసుకునే ప్రొటీన్‌ను ఈ మందుల్లో చాలావరకు అడ్డుకుంటాయి. వాటిలో ఒకటైన సిటలోప్రామ్ 40 మిల్లీగ్రాములు ఆ ప్రొటీన్‌లో సుమారు 86 శాతాన్ని పట్టి ఉంచితే, 20 మిల్లీగ్రాములు 80 శాతాన్ని పడతాయి. అయిదున్నా 60 శాతానికి దగ్గరే! అంటే 40 నుంచి 5కు దిగినా పోయేది 30 శాతం లోపే. 5 నుంచి సున్నాకు దూకితే ఒక్క దెబ్బకు దాదాపు 60 శాతం పోతుంది. మెట్లన్నీ చక్కగా దిగొచ్చి, చివర మెట్టు లేని అరుగు మీంచి దూకినట్టు. 2019లో హొరోవిట్జ్, టేలర్ అనే పరిశోధకులు ఈ లెక్కను ముందుపెట్టి, కింది మోతాదుల్లోనే మరీ నెమ్మదిగా తగ్గించాలన్నారు. ప్రతిసారీ అప్పుడున్న మోతాదులో కొంత వాటా చొప్పున తగ్గించాలని 2022లో బ్రిటన్ వైద్య సంస్థ ‘నైస్’ మార్గదర్శకాలూ చెప్పాయి. కొందరికి వారాలు, ఏళ్ళుగా వాడినవాళ్ళకు నెలలు పట్టొచ్చు.

రోజు విడిచి రోజు వేసుకోవడం తగ్గించడం కిందికి రాదు. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఒంట్లోంచి త్వరగా పోతాయి, రోజు విడిస్తే మెదడుకు ఊగిసలాటే. ఫ్లుఒక్సెటిన్ మాత్రం వారాలపాటు నిలుస్తుంది కాబట్టి దాన్ని ఆపడం కాస్త తేలిక. మెల్లగా కరిగే ఎస్ఆర్, ఈఆర్ గోళీలను నలిపి, కొరికి వేసుకోకూడదు.

ఎంత నెమ్మదిగా ఆపినా జబ్బు తిరిగి రాదన్న హామీ లేదు. ఇంగ్లండ్‌లో బాగున్నామనుకున్న 478 మందిని ఏడాదిపాటు గమనిస్తే, మందు ఆపినవాళ్ళలో 56 శాతం మందికి, కొనసాగించినవాళ్ళలో 39 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. అందుకే పసుపు ఉడికే నెలల్లోనో, ప్రయాణం ముందో తగ్గించడం మొదలుపెట్టొద్దు.

ఏ గోళీ తగ్గించాలన్నా ముందు షీటు వెనక చదవండి. ఎస్సిటలోప్రామ్ పక్కన ‘క్లొనజెపామ్’ అని ఉంటే అది వేరే జాతి మందు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. అలాంటి జంట గోళీని డాక్టర్ రెండుగా విడదీసి, ఒక్కోదాన్ని విడిగా తగ్గిస్తారు. ఈలోపు షీటు అయిపోతోందంటే పాత చీటీ పట్టుకుని దగ్గర్లోని సర్కారు దవాఖానాకు వెళ్ళండి. చచ్చిపోవాలనిపించేంతగా మనసు కుంగితే ఆలస్యం చేయొద్దు. టెలి మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు.