పలకరింపు వేళ మూత్రం విడిచే కుక్కపిల్ల: బొగ్గుగని క్వార్టర్లలో పాటించదగిన సంరక్షణ పద్ధతులు

కుక్కపిల్లల పెంపకంలో యజమానులను మిక్కిలి విసిగించే సమస్యలలో పలకరింపు వేళ మూత్రం విడవడం ఒకటి. ఇంటివారు తలుపు తీయగానే, బంధువు చేయి చాచగానే, పిల్లలు చుట్టూ మూగగానే కుక్కపిల్ల నేలపై నాలుగు చుక్కలో, చిన్న మడుగో విడుస్తుంది. దీనిని మొండితనంగా భావించి కొట్టడం, మూతిని మూత్రంలో రాయడం, చివరకు వీధిలో వదిలివేయడం కొన్ని ఇళ్లలో జరుగుతూ ఉంటుంది. వాస్తవానికి ఇది కుక్కపిల్ల కోరి చేసే పని కాదు. సరైన అవగాహన కల్పించగలిగితే అధిక శాతం సందర్భాలలో మందుల అవసరం లేకుండానే ఈ సమస్య తొలగిపోతుంది.

గని ప్రాంతపు గృహ వాతావరణం

1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకంతో మొదలై, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అన్న పేరు పొందిన సంస్థకు పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని ప్రాంతం ముఖ్య కేంద్రాలలో ఒకటి. గనులు మూడు షిఫ్టులలో నడుస్తాయి. కావున ఇక్కడి కార్మిక కుటుంబాలలో రాకపోకలకు ఒకే వేళ ఉండదు. షిఫ్టు మారినప్పుడల్లా ఇంటి పెద్ద వచ్చే సమయమూ మారుతుంది. గంటల తరబడి ఎదురుచూసిన కుక్కపిల్ల నిండిన మూత్రాశయంతోనే తలుపు వద్దకు పరుగెత్తుతుంది.

క్వార్టరు గదులు చిన్నవైనచోట వచ్చినవారు కుక్కపిల్లపైకి వంగి నిలబడక తప్పదు. బరువైన బూట్ల చప్పుడు, పనిబట్టలకు అంటిన బొగ్గు, గ్రీజు వాసన దానికి కొత్తగా తోచవచ్చు. ఓపెన్‌కాస్టు గనులకు దగ్గరి కాలనీలలో పేలుళ్ల శబ్దం బెదురు స్వభావం గల పిల్లలను మరింత కలవరపెట్టవచ్చు. సలహా ఇచ్చే కార్యకర్త ముందుగా ఈ పరిస్థితులను గమనించవలెను.

రెండు రకాల ప్రవర్తన

పలకరింపు వేళ జరిగే మూత్రవిసర్జన రెండు రకాలు. మొదటిది విధేయతా మూత్రవిసర్జన. ఇందులో కుక్కపిల్ల ఒదిగి కూర్చుంటుంది, చెవులు వెనుకకు వాల్చుతుంది, తోకను కాళ్ల నడుమ ముడుచుకుంటుంది, చూపు తిప్పుకుంటుంది, కొన్నిసార్లు వెల్లకిలా పడుకొని పొట్ట చూపుతుంది. రెండవది ఉత్సాహ మూత్రవిసర్జన. ఇందులో భయపు లక్షణాలు కనిపించవు. తోక ఊపుతూ, గెంతుతూ, ఆడుతూనే మూత్రం జారవిడుస్తుంది. మూత్రద్వార కండరాలపై పట్టు ఇంకా పూర్తిగా రాకపోవడం దీనికి ముఖ్య కారణం. ఒకే కుక్కపిల్లలో రెండు రకాలూ కలిసి ఉండవచ్చు.

విధేయతా మూత్రవిసర్జనకు మూలం శైశవంలోనే ఉన్నది. పుట్టిన తొలి మూడు వారాలలో కుక్కపిల్ల తనంతట తాను మూత్రం విడవలేదు. తల్లి దానిని వెల్లకిలా తిప్పి నాకినప్పుడే విసర్జన జరుగుతుంది. ఎదిగిన తరువాత తనకన్నా బలమైనవారి ఎదుట అదే భంగిమ శాంతి సంకేతంగా మిగులుతుంది. తోడేళ్లలో, కుక్కలలో విధేయతను పరిశీలించిన రుడాల్ఫ్ షెంకెల్ 1967లో ప్రచురించిన వ్యాసంలో దానిని క్రియాశీల, నిష్క్రియ విధేయతలుగా విభజించారు. పక్కకు ఒరిగి లేదా వెల్లకిలా పడుకోవడం రెండవ కోవకు చెందుతుంది. ‘నీతో నాకు పోరు లేదు’ అని కుక్కపిల్ల తన భాషలో చెప్పే మాట ఇది.

ముందుగా రోగ పరీక్ష

ప్రవర్తనా సమస్య అని నిర్ణయించే ముందు శారీరక కారణాలు లేవని నిర్ధారించుకొనవలెను. పలకరింపు వేళ మాత్రమే మూత్రం పడుతున్నదా, నిద్రలోనూ కారుతున్నదా అన్నది తొలి ప్రశ్న. నిద్రలో కారడం, ఎల్లవేళలా తడిగా ఉండడం, పదేపదే ముక్కుతూ కొద్దికొద్దిగా పోయడం, రక్తం కనిపించడం, మితిమీరి నీరు తాగడం వంటి లక్షణాలుంటే పశువైద్యునికి చూపవలెను. మూత్రనాళ వ్యాధులు, ఆడపిల్లలలో యోనివాపు, పుట్టుకతోనే మూత్రనాళిక తప్పుచోట తెరుచుకొనే లోపం ఇటువంటి లక్షణాలు కలిగించగలవు. ఈ పుట్టుక లోపం ఆడకుక్కలలో ఎక్కువగా కనిపిస్తుంది. సాధారణ మూత్ర పరీక్షతో ప్రాథమిక సమాచారం లభిస్తుంది.

పాటించవలసిన పద్ధతి

1. ఇంటికి వచ్చినవారు తొలి కొద్ది నిమిషాలు కుక్కపిల్లను పలకరించరాదు, దాని వైపు చూడరాదు. మౌనంగా తలుపు తీసి నేరుగా ఆరుబయటకు తీసుకుపోవలెను. బయట మూత్రం విడిచిన వెంటనే మెచ్చుకొని చిన్న తినుబండారం ఇవ్వవలెను.

2. అది నెమ్మదించిన తరువాత పక్కకు తిరిగి నేలపై కూర్చొని, దానినే దగ్గరకు రానివ్వవలెను. తలపై తట్టడానికి బదులు గడ్డం కింద, ఛాతీపై మెల్లగా నిమరవలెను. గొంతు తగ్గించి మాట్లాడవలెను.

3. తినుబండారాలను నేలపై చల్లితే కుక్కపిల్ల దృష్టి మనిషి ముఖం నుండి నేలపైకి మళ్లుతుంది. కూర్చోవడం నేర్పి, పలకరింపుకు ముందు ఆ పని చేయించడమూ ఉపకరిస్తుంది.

4. అతిథులకు, పిల్లలకు ముందే ఈ నియమాలు చెప్పవలెను. ఒకరు పాటించి మరొకరు పైనబడి ముద్దుచేస్తే ఫలితం దక్కదు.

5. ఆటలను వీలైనంతవరకు ఆరుబయట, మూత్రం విడిచిన తరువాతనే ఆడించవలెను.

6. మూత్రం తగ్గుతుందని నీరు ఆపరాదు. రామగుండం వేసవి తీవ్రతలో అది ప్రాణాంతకం కాగలదు.

తేదీ, వచ్చిన వ్యక్తి, కుక్కపిల్ల భంగిమ, మూత్రం పడినదా లేదా అన్న వివరాలను కుటుంబ సభ్యులు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే, ఏ షిఫ్టు వారి రాకతో సమస్య ఎక్కువవుతున్నదో స్పష్టమవుతుంది. వయసు పెరిగేకొద్దీ చాలా కుక్కపిల్లలలో ఇది తగ్గి, ఏడాది నిండేసరికి కనుమరుగవుతుంది. ఆ తరువాతా కొనసాగితే మరల వైద్య పరీక్ష అవసరం.

శిక్ష ఎందుకు పనికిరాదు

విధేయతా మూత్రవిసర్జన ఎదుటివారి ఆగ్రహాన్ని చల్లార్చే ప్రయత్నం. కొట్టినకొద్దీ, అరిచినకొద్దీ భయం పెరిగి మూత్రం మరింత పడుతుంది. యజమాని మరింత కోపగిస్తాడు, పిల్ల మరింత ఒదుగుతుంది. ఈ చక్రంలో చిక్కిన కొన్ని కుక్కలు చివరకు ఆత్మరక్షణకై కరవడం మొదలుపెట్టవచ్చు. పసిపిల్లలున్న ఇంట ఇది చిన్న ప్రమాదం కాదు. శిక్షతో కాక బహుమతితోనే శిక్షణ ఇవ్వవలెనని అమెరికా పశువైద్య ప్రవర్తనా శాస్త్ర సంఘం 2021లో స్పష్టంగా సూచించింది. జంతువును కొట్టి హింసించడం, ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో అకారణంగా వదిలివేయడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం ప్రకారం నేరాలు.

శుభ్రత, ఆరోగ్యం

మూత్రం పడినప్పుడు ఏమీ అనకుండా, కుక్కపిల్లను వేరే చోటికి పంపి తుడవవలెను. అమ్మోనియా గల ద్రావణాల వాసన మూత్రపు వాసనను పోలి ఉంటుంది గనుక వాటిని వాడరాదు. ఎంజైములు గల శుభ్రకాలు మేలు. ఎలుక జ్వరంగా పిలిచే లెప్టోస్పైరోసిస్ కుక్క మూత్రం ద్వారా కూడా మనుషులకు సోకగలదు. కావున తుడిచేటప్పుడు చేతితొడుగులు ధరించి, ఆ తరువాత సబ్బుతో చేతులు కడుక్కొనవలెను. ఈ వ్యాధికి, రేబిస్‌కు పశువైద్యుని సలహా మేరకు టీకాలు వేయించవలెను.

విస్తరణ కార్యకర్తల పాత్ర

పశువైద్య విస్తరణ అనగానే పాడి, గొర్రెలు, కోళ్లు గుర్తుకు వస్తాయి. గని కాలనీలలో కుక్కల పెంపకానికి సంబంధించిన సలహా కూడా ప్రజారోగ్య సేవయే. వదిలివేసిన ప్రతి కుక్కపిల్ల వీధికుక్కల సంఖ్యను పెంచుతుంది. రేబిస్ టీకా కోసం వచ్చిన యజమానిని ‘మీరు ఇంటికి వచ్చినప్పుడు పిల్ల ఎలా ప్రవర్తిస్తున్నది?’ అని అడిగితే చాలు, దాచుకున్న సమస్య బయటపడుతుంది. పొరుగున ఉన్న జగిత్యాల జిల్లా కోరుట్లలోని పశువైద్య కళాశాల విద్యార్థులకు సైతం ఇటువంటి కుటుంబాలతో మాట్లాడడం మంచి క్షేత్ర పాఠం. పలకరింపు తీరును మార్చుకోవలసినది మొదట మనుషులేనని, ఆ మార్పుకు ఖర్చేమీ లేదని కుటుంబం గ్రహించిననాడు కుక్కపిల్ల ఆ ఇంటనే నిశ్చింతగా పెరుగుతుంది.