ఏమీ తోచని పూట: అపోహలు – వాస్తవాలు

అపోహ: బోరు కొట్టడం ఫోన్ల కాలంలో వచ్చిన జబ్బు.

వాస్తవం: ఏమీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్లిందని మనకు సామెత. ఆవిడ చేతిలో ఫోను లేదు కదా! నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసుకునే క్రైస్తవ సన్యాసులకు ఎవాగ్రియస్ అనే తోటి సన్యాసి ఓ హెచ్చరిక రాసిపెట్టాడు. మిట్టమధ్యాహ్నం ఒక దయ్యం పడుతుందట. పొద్దు కదలదు, రోజుకు యాభై గంటలున్నట్టుంటుంది, భోజనం వేళైందేమోనని మాటిమాటికీ బయటికి తొంగిచూడాలనిపిస్తుంది. హంపీలో రాతి పలకల మీద పులిజూదం గళ్లు చెక్కి ఉంటాయి. పొద్దుపోనివాళ్ల పనేనని నా అనుమానం.

అపోహ: విసుగంటే బద్ధకమే.

వాస్తవం: బద్ధకస్తుడికి ఏ పనీ చెయ్యబుద్ధి కాదు. విసుగెత్తినవాడికి ఏదో ఒకటి చెయ్యాలనే ఉంటుంది, ఏదీ మనసుకు పట్టదు. కెనడాలోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఈస్ట్‌వుడ్ బృందం 2012లో విసుగును దాదాపు ఇలాగే నిర్వచించింది.

తేడా కళ్లారా చూడాలంటే హైదరాబాద్ శివార్లలో, అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. పెళ్లి సీనుకని పట్టుచీరలు కట్టుకుని, మేకప్ వేసుకుని పొద్దున్నే కూర్చున్న జూనియర్ ఆర్టిస్టులను చూడండి. లైట్లు మారుస్తుంటారు, ట్రాలీకి పట్టాలు పరుస్తుంటారు. షాట్‌కి ఎప్పుడు పిలుస్తారో తెలియదు. లేచి అటూ ఇటూ పోవడానికి లేదు, చీర నలగకూడదు. సాయంత్రానికి రాళ్లు మోసినంత అలసట. వాళ్లను బద్ధకస్తులని ఎవరనగలరు?

అపోహ: ఫోన్ తీస్తే విసుగు పోతుంది.

వాస్తవం: హైదరాబాద్ మెట్రో ఎల్బీనగర్‌తో ఆగిపోతుంది. అక్కణ్ణుంచి హయత్‌నగర్ మీదుగా బస్సులో వెళ్తూ పక్క సీటు బొటనవేలిని గమనించండి. ఒక్క రీలూ చివరిదాకా చూడదు. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో దీన్నే పరీక్షించారు. ఒకే వీడియో కూర్చుని చూసినప్పటికంటే, ఒకదాని మీంచి ఒకదానికి దూకుతూ చూసినప్పుడే జనానికి ఎక్కువ బోరు కొట్టింది.

అపోహ: విసుగు పుడితే చాలు, ప్రతిభ బయటికొస్తుంది.

వాస్తవం: ఈ మధ్య చాలామంది చెబుతున్న మాట ఇది. సగమే నిజం. బ్రిటన్‌లో శాండీ మాన్, రెబెకా కాడ్‌మన్ అనే పరిశోధకులు కొందరిచేత టెలిఫోన్ డైరెక్టరీలోని నంబర్లు ఎత్తి రాయించి, తర్వాత ప్లాస్టిక్ కప్పులతో ఏమేం చేయవచ్చో అడిగారు. ఆ చాకిరీ చేసినవాళ్లకే ఎక్కువ ఉపాయాలు తట్టాయి. సరే. కానీ 2014లో అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు మనుషులను ఖాళీ గదిలో పదిహేను నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టి, కరెంటు షాకిచ్చే బటన్ ఒకటి దగ్గర పెట్టారు. 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు తమకు తామే షాకిచ్చుకున్నారు!

విసుగు మనిషిని లేపుతుందే తప్ప దారి చూపదు. ఏది చేతికందితే అటే పోతాడు. వేసవి సెలవుల్లో పిల్లాడు "బోర్ కొడుతోంది నాన్నా" అనగానే దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ వెతకనక్కర్లేదు. ఫోన్ బీరువాలో పెట్టి, క్యారమ్ బోర్డో రంగుల డబ్బానో ఎదురుగా వదిలేస్తే, కాసేపు సణిగాక వాడి తంటాలు వాడే పడతాడు.