మంచుదేశపు రాబిన్ పిట్ట

పిల్లలూ, మార్గశిర మాసపు చలికే మనం దుప్పట్లు ముసుగుతన్ని పడుకుంటాం గదా! ఇంగ్లండు దేశంలో డిసెంబరు నెలలో ఉదయం 8 గంటలకుగాని తెల్లవారదు. సాయంత్రం 4 గంటలకే చీకటి పడుతుంది. అనగా పగలు 8 గంటలు, రాత్రి 16 గంటలు. నేల ఒక్కొక్కప్పుడు గడ్డకట్టి రాయిలాగా అవుతుంది. అటువంటి చోట ఒక చిన్న పిట్ట చలికాలం గడుపుతుంది. దాని పేరు రాబిన్. వీపు గోధుమరంగు, ముఖమూ రొమ్మూ ఇటుకరంగు. బరువు సుమారు 18 గ్రాములు, నిమ్మకాయకన్న తేలిక.

మన ఒంటి వేడి 37 డిగ్రీలు. రాబిన్‌కు ఇంచుమించు 41 ఉండాలి. మనకు అంత వేడి ఉంటే డాక్టరు కోసం పరుగెత్తుతారు!

చిన్న ప్రాణికి వేడి నిలుపుకోవటం ఎందుకు కష్టమో మీరే చూడవచ్చు. అమ్మచేత ఒక పెద్ద చెంబులోనూ, ఒక చిన్న గ్లాసులోనూ వేడినీళ్ళు పోయించండి. పావుగంట తరువాత ఏది ముందు చల్లారిందో చూడండి. గ్లాసే! రాబిన్ ఆ గ్లాసు వంటిది.

అందుకే అది ఈకలను ఉబ్బించుకుంటుంది. దూదిబొంత వెచ్చగా ఉండేది దూదిలో చిక్కుకున్న గాలివల్ల. ఈకల నడుమ గాలీ అంతే. బొమ్మల్లో రాబిన్ బంతిలాగా గుండ్రంగా కనిపిస్తే అది బలిసిందనుకోకండి, దానికి చలివేస్తున్నదన్నమాట. ఇక కాళ్ళకు ఈకలు లేవు. ఒంట్లోనుంచి దిగే వేడి రక్తం, పాదాలనుంచి ఎక్కే చల్లని రక్తానికి దారిలోనే తన వేడి ఇచ్చివేస్తుంది. అందువల్ల పాదాలు చల్లబడినా ఒళ్ళు చల్లబడదు.

అయినా పొయ్యిలో కట్టెలు ఉండాలి గదా! పగలు తిన్నదాన్ని కొవ్వుగా దాచుకుని, రాత్రి వణుకుతూ దాన్ని ఖర్చు చేస్తుంది. గట్టి చలి రాత్రి దాని బరువులో పదోవంతు దాకా కరిగిపోవచ్చు. 30 కిలోల పిల్లవాడు తెల్లవారి లేచేసరికి 27 కిలోలకు దిగితే ఎలా ఉంటుందో ఊహించండి! అదంతా మరునాటి 8 గంటల్లో మళ్ళీ సంపాదించాలి. దొరకకపోతే ఆ రాత్రి గడవదు.

అందుకే దాని పెద్ద కళ్ళు మసక వెలుతురులోనే మేత వెతుకుతాయి. తోటమాలి పారతో మట్టి తిరగవేస్తుంటే పక్కనే కాచుకుని, బయటపడిన వానపామును లాక్కుపోతుంది. అడవిలో పందులు నేల పెళ్ళగించేచోటా అంతే.

చలికాలంలో ఒక చోటి మేత ఇద్దరికి చాలదు. వేసవిలో జంటగా ఉన్న ఆడా మగా కూడా విడిపోయి ఎవరి చోటు వారు కాచుకుంటారు. కొన్ని, ముఖ్యంగా ఆడవి, స్పెయిను వైపు వలసపోతాయి. ఉండిపోయిన ఆడపిట్టలు కూడా పాడతాయి. వినటానికి ఎంతో ఇంపుగా ఉంటుందిగాని, ఆ పాటకు అర్థం ‘ఇది నా చోటు, పో’ అని!

ఈ సంగతులు శ్రద్ధగా పరిశీలించినవాడు డేవిడ్ లాక్ అనే బడిపంతులు. 1930ల్లో డెవన్ జిల్లాలో ఆయన పిట్టల కాళ్ళకు రంగుకడియాలు తొడిగి, ఏది ఏదో గుర్తుపట్టాడు. గడ్డి కూరిన రాబిన్ బొమ్మను ఒక పిట్ట చోటులో పెడితే అది బొమ్మమీద పడి పొడిచింది. వట్టి ఎర్ర ఈకల కుచ్చును చూచి కూడా కయ్యానికి వచ్చింది! 1943లో ఆయన ఇవన్నీ పుస్తకంగా ప్రచురించాడు. క్రిస్మసు కార్డులమీద అంత ముద్దుగా కనిపించే ఆ ఎరుపు నిజానికి యుద్ధపతాక. ఇంకా పోట్లాడే వయసురాని పిల్లలకు ఆ రంగు ఉండదు; గోధుమ మచ్చలే.

ఆ దేశపు పిల్లలు గడ్డకట్టిన రోజుల్లో ఇంటి వెనక పురుగులూ కొవ్వుముక్కలూ పెట్టి, పళ్ళెంలో మంచినీళ్ళు పోస్తారు.

జనవరి ప్రాంతాన ఒక ఆడపిట్ట మగపిట్ట చోటులోకి వస్తుంది. మగపిట్ట మొదట తరుముతుంది. ఆమె పోదు. మళ్ళీ తరుముతుంది. ఆమె మళ్ళీ వస్తుంది. కొన్నాళ్ళకు అది ఊరుకుంటుంది. మంచు కరిగాక ఇద్దరూ కలిసి ఏ తుప్పలోనో, ఎవరో పారవేసిన పాత కెటిలులోనో కాపురం పెడతారు.