నాణేనికి పట్టింది వయసా, రోగమా?

ములకలపల్లి పరిసరాలు ఒకనాడు రెండు చలామణుల సరిహద్దు. గోదావరికి ఆవలనున్న భద్రాచలం బ్రిటిష్‌వారి మద్రాసు రాష్ట్రంలో ఉండగా, ఈవలి పాల్వంచ సీమ నిజాం రాజ్యంలో ఉండేది. అక్కడ కల్దారు, ఇక్కడ హాలీ సిక్కా. సుమారు ఆరు కల్దారులకు ఏడు హాలీ రూపాయల మారకం నడిచేది. కనుక ఈ అటవీ గ్రామాలలోని పాత పెట్టెలలో ఈ రెండు రకాల రూపాయలూ కలిసి కనిపించడం వింత కాదు.

దాదీ, నానీలు దాచిన ఆ రూపాయలను బయటకు తీసినప్పుడు కొన్ని నల్లబడి, కొన్ని పచ్చబడి, మరికొన్ని గుంటలు పడి ఉంటాయి. వెంటనే చేతికి వచ్చేవి చింతపండు, బూడిద. సదుద్దేశంతో చేసే ఆ పనే నాణేనికి కాలం చేసిన హాని కంటే ఎక్కువ హాని చేస్తుంది. రోగమేమిటో తెలియక ముందే మందు వేయడం వంటిదది.

పోయేదేమిటో ముందు చూద్దాం. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు రూపాయిపై చార్మినార్ ఉంటుంది. దాని ద్వారంలో ఆయన పేరులోని తొలి అక్షరమైన ‘ఐన్’ ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయిలో అదే చోట ‘మీమ్’ కనిపిస్తుంది. ఆసఫ్‌జాహీ బిరుదుతో పాటు 92 అనే అంకె కూడా ఉంటుంది. అబ్జద్ లెక్కలో అది ‘ముహమ్మద్’ అనే పేరులోని అక్షరాల మొత్తం: మీమ్ 40, హా 8, మీమ్ 40, దాల్ 4. హిజ్రీ సంవత్సరం కూడా అక్కడే ముద్రితమై ఉంటుంది. బూడిదతో తోమితే ముందుగా అరిగిపోయేవి ఈ గుర్తులే.

నలుపు

గాలిలోని గంధక వాయువులు వెండితో కలిసినప్పుడు నల్లని పొర ఏర్పడుతుంది. ఉన్ని గుడ్డ, రబ్బరు బ్యాండు, నాసిరకం అట్టపెట్టె ఈ మార్పును త్వరితం చేస్తాయి. ఈ పొర పలుచగా, సమంగా ఉండి, కింద అక్షరాలు స్పష్టంగా ఉంటే అది వయసే గాని రోగం కాదు. దానిని అలాగే ఉండనివ్వాలి. నాణేలు సేకరించేవారు సహజమైన నలుపునే మెచ్చుతారు. తోమిన మెరుపును చూసి ధర తగ్గిస్తారు.

పచ్చదనం

వెండి రూపాయి పచ్చబడడమేమిటన్న సందేహం కలుగవచ్చు. చార్మినార్ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు. అందులో వెయ్యికి 818 పాళ్లే వెండి; తక్కినది ప్రధానంగా రాగి. కల్దారులో వెండి సుమారు 917 పాళ్లుండగా, 1940 నుండి అది 500 పాళ్లకు తగ్గింది. వర్షాకాలపు చెమ్మకు ఈ రాగియే పైకి వచ్చి పచ్చబడుతుంది. అది గట్టిగా, కదలకుండా ఉంటే ప్రమాదం స్వల్పం. జిగురుగా తగిలితే మాత్రం మెత్తని ప్లాస్టిక్ కవరును అనుమానించాలి. పీవీసీ కవర్లు కాలక్రమంలో ఆమ్లాన్ని విడుదల చేసి నాణెపు పైపొరను తినివేస్తాయి.

గుంటలు

కంచు, రాగి పైసలపై లేత పచ్చని పొడి రాలుతూ, తుడిచినా కొద్ది రోజులకే మళ్లీ వస్తుంటే అదే అసలైన రోగం. మట్టిలోని, చెమటలోని ఉప్పు లోహంలో చేరి, తేమ తగిలినప్పుడల్లా ఆమ్లంగా మారి లోపలికి తొలుస్తుంది. అటువంటి నాణేన్ని వెంటనే వేరుచేసి, పొడి వాతావరణంలో ఉంచి, నిపుణులకు చూపించాలి.

గుంటలన్నీ తుప్పు వల్లనే ఏర్పడవు. అచ్చులో పోసిన నకిలీ నాణేలపై గుండ్రని గాలి బుడగల గుంతలు, మొద్దుబారిన అక్షరాలు ఉంటాయి. అనుమానం కలిగితే తూకం వేయాలి, అయస్కాంతం పెట్టి చూడాలి. వెండి అయస్కాంతానికి అంటదు.

మనుషుల చేతి గుర్తులు

పాత హాలీ రూపాయలపై కనిపించే చిన్న గంట్లు తరచూ సరాఫులు వెండిని పరీక్షించి వేసిన ముద్రలు. అంచున రంధ్రమో, టంకపు మరకో ఉంటే ఆ రూపాయి ఒకనాడు ఎవరి మెడలోనో హారమై ఉంటుంది. ముద్ర ఒక పక్కకు జరిగి ఉండడం, అంచు కొంత తెగి ఉండడం టంకశాలలోనే జరిగిన లోపాలు కావచ్చు. అటువంటివాటికి కొన్నిసార్లు విలువ పెరుగుతుంది కూడా.

సంరక్షణ

నాణేన్ని అంచులతో పట్టుకోవాలి. వదులు మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టాలి, రుద్దకూడదు. ఆమ్లం లేని కాగితపు కవరులో ఒక్కొక్కదాన్ని విడిగా ఉంచి, పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేయాలి. చేను దున్నేటప్పుడు నాణేల లంకె దొరికితే శుభ్రం చేయనే కూడదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువకు మించిన నిక్షేపాన్ని కలెక్టరుకు తెలియజేయాలి.

చివరగా అమ్మకం సంగతి. తోమి, రంగు పూసి, గుంటలు పూడ్చి ‘కొత్తదానిలా ఉంది’ అని అమ్మేవారున్నారు. మదీనా సంతలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని గమనించిన దైవప్రవక్త (స), ఆ తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఉంచవలసిందని వర్తకుణ్ణి మందలించిన సంగతి మనకు తెలుసు. నాణేనికీ అదే న్యాయం. రంధ్రముంటే ఉందని, తోమి ఉంటే తోమినదని చెప్పి అమ్మాలి. అమ్మే ఉద్దేశం లేనివారు పిల్లలను కూర్చోబెట్టి, ఆ 92 ఎక్కడుందో వెతకమనండి. నలుపు కింద అది పదిలంగానే ఉంటుంది.